చెవి కింద మచ్చ

చిత్రశాల, ఉత్తరపు కిటికీ దగ్గర
ఎండలు ముదిరిన వారం

అక్కకు,

నీ ఉత్తరం చేరింది. ఇక్కణ్ణుంచి బయటికి పోయే ప్రతి కాగితమూ మా చిత్రశాల అధికారి దరోగాగారు చదివాకే పోతుందని నీకు తెలుసు. లోపలికి వచ్చేవి కూడా చదవాలనే హుకుం. నీ మొదటి ఉత్తరాన్ని ఆయన శ్రద్ధగానే మొదలుపెట్టారు. పన్నెండు కాగితాలు, ప్రతి కాగితానికీ రెండు వైపులా దేవుడి ఆగ్రహం. నాలుగో కాగితం దగ్గర కళ్ళద్దాలు తీసి, "మీ అక్కగారు ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారా?" అన్నారు. "ఇంట్లో ఇంకా గట్టిగా మాట్లాడుతుందండీ" అన్నాను. అప్పట్నుంచి నీవి విప్పకుండానే నా చేతికిస్తున్నారు.

పెద్ద పాదుషాగారు పోయిన సంగతి మీ ఊరికి చేరే ఉంటుంది. పెద్దకొడుకు సింహాసనం ఎక్కారు. మిగిలిన ఇద్దరు తమ్ముళ్ళూ తండ్రి శవం లేవకముందే చెరో దిక్కుకీ మాయమయ్యారు. ఎందుకు పారిపోయారో రంగులు పూసుకునే నాబోటివాడికి తెలియదు.

కొత్త పాదుషా మొదట అడిగింది ఖజానా తాళాలు కాదు, మా జింకతోలు పొరల పెట్టె. నీకు గుర్తుందా, నాన్న దగ్గర కూడా ఒకటుండేది? ముఖం ఒకసారి గీశాక దాని గీతల్ని పల్చటి తోలుపొర మీదికి ఎత్తి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి దాచుకుంటాం. మళ్ళీ ఆ మనిషి కావాలంటే పొరను కాగితం మీద పరిచి బొగ్గుపొడి మూటతో తట్టడమే. చుక్కలు చుక్కలుగా మనిషి దిగుతాడు. పెద్ద పాదుషాకి డెబ్భై దాటినా బొమ్మలో ముప్ఫై అయిదు దాటకపోవడం ఆ పొర చలవే.

రెండో ఆయన ముఖం ఎత్తింది నేను. పదకొండు రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. రాజులంతా చేతిలో పువ్వు పట్టుకుని శిలల్లా కూర్చుంటారు. ఈయన ఆ పువ్వు రేకులు తుంపుతూ కూర్చున్నాడు. ముక్కూ నోరూ ఎవరైనా వేస్తారు. నేను ఆ చెవి వేశాను అక్కా. పై అంచు ఒకచోట లోపలికి మడత పడి, తమ్మె విడిగా వేలాడకుండా దవడకి అతుక్కుని, దాని కింద ఆవగింజంత మచ్చ. ఒక్క వెంట్రుక కుంచెతో రెండు రోజులు పట్టింది. నా జన్మలో అంత బాగా ఇంకేదీ వెయ్యలేదు.

ఇప్పుడు అదే ముఖం నలభై కావాలట. నలభై రేవులకీ కోట గుమ్మాలకీ పంపుతారు. దాటేవాడి ముఖం పక్కన పెట్టి చూస్తారు.

రంగులు ఉడత నూరుతోంది. నీ మేనకోడలికి పంతొమ్మిది దాటినా ఆ పేరు పోలేదు. కుంచె కోసం ఉడతతోక వెంట్రుకలు అది ఏరినట్టు చిత్రశాలలో ఇంకెవరూ ఏరలేరు.

"బొమ్మలో తప్పు కనిపిస్తే రంగు నూరే పిల్లయినా సరే, వేలు పెట్టి చూపించాలి" అనేవాడు కదా నాన్న. ఆయన బొమ్మల మీద అందరికంటే ఎక్కువసార్లు వేలు పెట్టినదానివి నువ్వు. ఈ నలభై బొమ్మలకీ నువ్వు పక్కన లేవు. నా చేతికి ఏం చెప్పమంటావు?

నీ తమ్ముడు


రేవు వీధి, చివరి ఇల్లు
ఏరు సన్నబడిన రోజులు

తమ్ముడికి,

దేవుడు నీ చేతిని కాచుగాక, నీ బుద్ధిని అంతకన్నా ముందు కాచుగాక. చేతికి ఏం చెప్పాలని అడుగుతావా? సిగ్గులేదురా అడగడానికి?

గ్రంథం నా మోకాలి మీదే ఉంది. నాకు బడి లేదు, పంతులు లేడు. రంగులు నూరుతూ నూరుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకున్న గ్రంథం ఇది. అబద్ధానికి ఇందులో చిన్నదీ పెద్దదీ లేదు. ఇల్లు తగలబెట్టిన నిప్పురవ్వ ఎంత లావుంది? నాలుకతో ఆడితేనే అబద్ధమా, కుంచెతో ఆడితే కాదా? ఆ ముఖం నువ్వు చేసింది కాదు, దేవుడు చేసింది. ఆయన పెట్టిన మచ్చని చెరపడానికి నువ్వెవడివి? అన్నదమ్ముల పగ మొట్టమొదటి అన్నదమ్ముల దగ్గర్నుంచీ ఉన్నదే. పొలంలో పడ్డ నెత్తుటికి లెక్క అడిగేది పైవాడు. నువ్వు నీ కుంచె చూసుకో. ఉన్నది ఉన్నట్టు వెయ్యి.

ఇక మా వాకిలి సంగతి. వాక్యం వినడానికి పదకొండు మంది వస్తున్నారు. అందులో ఇద్దరు నిద్రకి వస్తున్నారు. నెల కిందట పన్నెండోవాడు వచ్చాడు. నీళ్ళు మోస్తాను, మూల ఇంత చోటివ్వమన్నాడు. మొదటి వారంలోనే రెండు కుండలు పగలగొట్టాడు. పుట్టి బుద్ధెరిగి కుండ ఎత్తినవాడు కాదని ఆ ఎత్తడం చూస్తేనే తెలుస్తుంది. మావాళ్ళు "దొరగారు, దొరగారు" అని ఏడిపిస్తుంటే నవ్వి ఊరుకుంటాడు.

వెనక వరసలో కూర్చుంటాడు. అందరికంటే బాగా వింటాడు. నీకు తెలుసుగా నా పాడు అలవాటు, నోరు వాక్యం చెబుతుంటే కళ్ళు ముఖాలు గీస్తుంటాయి. వాడి చెవి నువ్వు చూడాలిరా! పైన కాగితం మడిచినట్టు చిన్న మడత. తమ్మె దవడకి అతుక్కుపోయింది. కింద ఒక మచ్చ, ఒక్క వెంట్రుక కుంచెతో నువ్వు పెట్టినట్టే ఉంటుంది. దేవుడు కూడా ఉడతతోక వాడతాడేమో అనుకున్నాను.

మొన్న అడిగాడు, "అన్నకి భయపడి పారిపోయినవాడు పిరికివాడా అమ్మా?" అని. "తప్పు చెయ్యనివాడు పారిపోడు" అన్నాను. తలొంచుకున్నాడు. లోపల ఏదో పాపం ఉంది, బయటికి లాగుతాను.

నీ అక్క


చిత్రశాల, అదే కిటికీ
తొలకరి

అక్కకు,

నీ ఉత్తరం అందింది. కానీ రెండో కాగితం మీద నూనెగిన్నె ఒలికింది. నీ వాకిలి కబుర్లు ఒక్క అక్షరం చదవలేకపోయాను, పొయ్యిలో వేసేశాను. ముఖ్యమైనవేవీ కావనుకుంటాను. మళ్ళీ రాయనక్కర్లేదు. ఎవరికీ చెప్పనూ అక్కర్లేదు, పాత కబుర్లు రుచించవు.

ఒక్క సందేహం. నువ్వు చిన్నప్పుడు నాకొక కథ చదివి వినిపించేదానివి. ఒక దుర్మార్గపు రాజు, పుట్టిన ప్రతి మగబిడ్డనీ చంపమని మంత్రసానులకు హుకుం ఇస్తాడు. వాళ్ళు చంపరు. రాజు అడిగితే, "మేం వెళ్ళేలోపే కాన్పు అయిపోతోంది దొరా" అని బొంకుతారు. ఆ మంత్రసానుల్ని దేవుడు ఏం చేశాడక్కా? మర్చిపోయాను. దరోగాగారు కూడా తెలుసుకోవాలని ఉందన్నారు.

మీ రేవుకి వెళ్ళే బొమ్మ ఈ వారమే బయల్దేరుతోంది. చూడ్డానికి నువ్వు వెళ్ళకు. రేవు గాలి నీ కళ్ళకి పడదు. నేను వేసిన బొమ్మలు నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నవేగా, కొత్తేముంది? నా మాట విను. ఈ ఒక్కసారి విను.

నీ తమ్ముడు


రేవు వీధి, చివరి ఇల్లు
ముసురు

తమ్ముడికి,

నా కళ్ళకేమొచ్చిందిరా? ఈ ఊరు మొత్తం మీద సూదిలో దారం ఎక్కించాలంటే నా దగ్గరికే వస్తారు. పదిహేనేళ్ళ తర్వాత నీ చేతిపని నా గుమ్మం ముందుకొస్తుంటే చూడొద్దంటావా? పేరొచ్చాక అక్క పొగుడుతుందని సిగ్గా, తప్పు పడుతుందని భయమా?

మంత్రసానుల కథ పట్టుకొచ్చాడు పెద్ద పండితుడు. వాళ్ళు మంత్రసానులు, నువ్వు చిత్రకారుడివి. వాళ్ళది వాళ్ళకి, నీది నీకు. వాక్యాన్ని నీకు కావలసిన చోట కత్తిరించి చొక్కా కుట్టుకోకు. నా వాకిట్లో ఎవడైనా ఇలాంటి ప్రశ్న వేస్తే లేపి నిలబెడతాను.

నూనెలో పోయిన కబుర్లు మళ్ళీ రాయొద్దన్నావు. నాకు రాయాలని ఉంది, రాస్తాను. మా నీళ్ళమనిషికి జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు గంజి పట్టాను. మగతలో "అన్నా, నేను అడగను, నాకేం వద్దు, అన్నా" అని ఒకటే కలవరింత. లేచాక నా పాదాలు పట్టుకుని, "మా అమ్మ నా మొహం ఇంత దగ్గర్నుంచి చూసి ఎరగదు" అన్నాడు. ఏమిటో, వాడి మాటతీరే ఒక రకం. వాడి పాపం అడగడం మానేశాను. ఇప్పుడు కప్పు మీద పెంకులు సర్దుతున్నాడు. మూడు పగలగొట్టాడు.

బొమ్మ వచ్చిన రోజే వెళ్తాను. ఎవడు ఆపుతాడో చూస్తాను.

నీ అక్క


రేవు వీధి, చివరి ఇల్లు
ఏరు నిండిన రోజు

తమ్ముడికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బొమ్మ వచ్చిందని కబురు తెలిసేసరికి గిన్నెలు తోముతున్నాను. చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. రేవు కచేరీలో కిటికీ పక్కన తగిలించారు. అరచెయ్యంత కాగితం. తలపాగాలో ముత్యాలు ఏ ముత్యానికి ఆ ముత్యం లెక్కపెట్టొచ్చు. ఒంటి మీద పల్చటి బట్ట, దాని లోంచి చర్మం రంగు. చేతిలో రేకు ఊడిన పువ్వు. నా కళ్ళు చెమర్చాయిరా. నాన్న చూడాల్సింది అనుకున్నాను.

తర్వాత చెవి చూశాను.

ఆ చెవి నాకు తెలుసు. అంత నిజమైన చెవి పక్కన ముక్కు తప్పు. గడ్డం తప్పు. నువ్వు అలాంటి తప్పులు చెయ్యవు. నాన్న పక్కన నిలబడి ఉన్నట్టే అనిపించింది. నోరు దానంతటదే అంది, "ఇదేమిటి, ముక్కు ఇంత వంపు ఉండదు. ఇక్కడ మచ్చ ఏది?" వేలు దానంతటదే వెళ్ళి చెవి కింద ఆనింది. గిన్నె అడుగు మసి అంటుకుని ఉన్న వేలు. మచ్చ ఉండాల్సిన చోట మచ్చ పడింది.

వెనక కావలివాళ్ళు ఉన్నారు. నేనింకేమీ చెప్పలేదు. ఇంటికి తిరిగి వచ్చేశాను. నా వెనకాలే వచ్చారు. వాళ్ళంతట వాళ్ళే పోల్చుకున్నారు.

వాడు కప్పు మీద ఉన్నాడు. కిందికి దిగమన్నారు. చేతిలో పెంకుని పగలకుండా మెల్లగా కింద పెట్టి దిగాడు. నా వైపు ఒకసారి చూసి వాళ్ళ ముందు నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు చెప్పారు వాడు ఎవరో. నాకేం తెలుసు? ఎవరైనా నాకు చెప్పారా? ఇవాళ వాకిట్లో అరవై మంది కూర్చున్నారు. "అబద్ధమాడని అమ్మ" అంటున్నారు. రేవు అధికారి తన పీట తెచ్చి నన్ను దాని మీద కూర్చోబెట్టాడు.

నువ్వు తప్పు ఎందుకు వేశావురా? నిజం వేసి ఉంటే నేను వేలు పెట్టేదాన్ని కాదు కదా?

నీ అక్క


కోట లోపల, కిటికీ లేని గది
తేదీ తెలియదు

అక్కకు,

దీన్ని దరోగా చదువుతాడు. చదువుకోనీ. దాచుకోవడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

తప్పు ఎందుకు వేశానని అడిగావు. నీ నీళ్ళమనిషి చెవి గురించి రాసిన ఉత్తరం వచ్చేదాకా ముప్ఫై ఒక్క బొమ్మలు ఉన్నది ఉన్నట్టే వేశాను. నీ హితవు చేరకముందే నీ మాట విన్నట్టు చేశాను. ఆ తర్వాత మీ ఏటి మీది రేవులకి వెళ్ళే తొమ్మిదింటికీ ముక్కు వంచాను, గడ్డం దించాను, మచ్చ తీసేశాను. చెవి మార్చడానికి కుంచె ముంచాను. చెయ్యి రాలేదు. అంత బాగా కుదిరిన చెవిని పాడు చెయ్యలేకపోయాను. కావలివాడు చెవి చూస్తాడా, వాడికి తెలిసేది ముక్కూ మీసమూ అని సర్దిచెప్పుకున్నాను. చెవి చూసే మనిషి లోకంలో ఒక్కతే ఉందనీ, వెళ్ళొద్దంటే వెళ్ళే మనిషి కూడా అదేననీ నాకు తెలియదా? తెలుసు. నా పాపం చెవి అంత. మిగిలింది నీది.

మీ రేవుకి పంపిన బొమ్మ తెచ్చి నా ముందు పెట్టారు. చెవి కింద మసి. ఆ వేలిముద్ర నేను పోల్చలేనా? చిన్నప్పుడు నాన్న బొమ్మల మీద ఎన్ని చూడలేదు!

రేవు అధికారి పంపిన కాగితం కూడా చదివి వినిపించారు. "ఆ మచ్చ ఎక్కడ చూశావమ్మా అని మూడుసార్లు అడిగాం. రెండుసార్లు నేల చూసింది. మూడోసారి, మా ఇంటి కప్పు మీద ఉన్నాడని చెప్పింది" అని ఉంది. నీ ఉత్తరంలో ఈ మూడుసార్లూ లేవక్కా. వాళ్ళంతట వాళ్ళే పోల్చుకున్నారని ఉంది. ఎన్నడూ అబద్ధమాడని అమ్మవి కదా, రాసేటప్పుడు నూనె ఒలికిందా?

ఇక నా సంగతి. నిన్న తల తెచ్చారు. ఉప్పులో పెట్టి తెచ్చారు. కొత్త పాదుషా హుకుం, ఈసారి తప్పు లేకుండా వెయ్యమని. వేశాను. పదకొండు రోజులు పట్టిన ముఖం ఒక్క పూటలో అయిపోయింది. ఈసారి ఆయన పువ్వు తుంపలేదు. అసలు కదల్లేదు. మచ్చ ఆవగింజ కంటే కాస్త చిన్నదని నిన్ననే తెలిసింది. నీ వేలు పెద్దదిగా పెట్టింది. చూశావా, నీదీ తప్పే.

బొమ్మ చూసి పాదుషా మెచ్చుకున్నారు. పొద్దున్నే నా కుడి బొటనవేలు తీస్తారు. ఈ ఉత్తరం ఆ చేత్తో రాసే ఆఖరిది. నీకు రాయడానికి దీన్ని ఖర్చు పెట్టినందుకు, చూడ్డానికి వచ్చిన నా భార్య తలుపు అవతల ఏడుస్తోంది.

తమ్ముడు అని రాయను


రేవు వీధి

తమ్ముడూ,

మూడుసార్లు అడిగిన మాట నిజం.

నన్ను రానీ. నీ రంగులు నూరిపెడతాను, అన్నం కలిపి పెడతాను.

జవాబు రాయకపోయినా సరే. తిట్టు రాయించి పంపు.

అక్క


రంగుల వీధి, అద్దెకున్న ఇల్లు
ఆకులు రాలే కాలం

అక్కకు,

ఇది ఉడత చేతిరాత. పైన 'అక్కకు' అని పెట్టమని నేను చెప్పలేదు, అదే పెట్టింది. కొలువు పోయింది కనక నా ఉత్తరాలు చదివేవాడు లేడు. నీ మరదలి తమ్ముడి పడవలో వస్తోంది ఇది.

చెయ్యి మానింది. నీ అన్నం అక్కర్లేదు. ఎడమచేత్తో తింటున్నాను, మెతుకులు చాలావరకు నోట్లోకే వెళ్తున్నాయి.

నీకు తగిన కొలువు దొరికింది, సంతోషించు. మూడో ఆయన ఇంకా దొరకలేదు. ఆయన ముఖం కూడా నలభై కావాలి. పెట్టెలో ఆయన పొర కనపడలేదు. ఎలకలు కొట్టేశాయని ఉడత చెప్పింది. మన చిత్రశాలలో ఎలకలు లేవు. నా దగ్గర నేర్చుకుంది కనక జ్ఞాపకం మీద వెయ్యమని దాన్నే కూర్చోబెట్టారు. నా స్థానంలో, నా కిటికీ దగ్గర.

బొమ్మలు బయటికి పోయేముందు తప్పు పట్టడానికి ఒక మనిషి కావాలన్నారు పాదుషా. మూడో ఆయనకి పన్నెండేళ్ళప్పుడు నేను వేసిన బొమ్మ ఒకటి పాదుషా దగ్గర ఉంది. దాని పక్కన పెట్టి పోల్చాలి. వయసు ముక్కుని మారుస్తుంది, దవడని మారుస్తుంది, చెవి మడతని మార్చదు. అది పట్టే కన్ను నాన్న దగ్గర పెరిగిన కన్నే. దరోగా వెంటనే నీ పేరు చెప్పాడు. "ఎన్నడూ అబద్ధమాడని మనిషి హుజూర్, సొంత తమ్ముడి మీదే వేలు పెట్టింది" అన్నాడట. నీ ఉత్తరాలు విప్పడం ఇప్పుడు పాపమట, కళ్ళకద్దుకుని ఉడత చేతికిస్తున్నాడు.

నెలాఖరుకి నీ కోసం పడవ వస్తుంది. రానంటే బలవంతంగా తెస్తారు. వచ్చి కూర్చో. నీ మేనకోడలు చెవి మార్చింది. నేనే మార్చమన్నాను. నేను చెయ్యలేని పని అది చేసింది. దానికి ఇంకా రెండు బొటనవేళ్ళూ ఉన్నాయి. నువ్వొచ్చి నీ సత్యం చెప్పు. మా ఇంట్లో ఇంకో చెయ్యి ఉంది తియ్యడానికి.

— అత్తా, ఇది నా మాట. నాన్న చెప్పినవన్నీ రాయలేదు. కొన్ని వదిలేశాను. నాకు భయంగా ఉంది. చెవి మడత లోపలికి ఉంటే బయటికి వేశాను. నువ్వు చూడగానే పట్టేస్తావు.

ఉడత


రేవు వీధి, చివరి ఇల్లు
పడవ రావడానికి నాలుగు రోజుల ముందు

తమ్ముడూ, ఉడతా, ఇద్దరికీ,

వాకిట్లో ఇప్పుడు నూటయాభై మంది. అబద్ధమాడని అమ్మ రాజధానికి వెళ్తోందని దండలు తెచ్చారు. నిన్న వాళ్ళ ముందు గ్రంథం తెరిచి మంత్రసానుల కథ చదివాను. ఆ పుట నా గ్రంథంలో మొదట్నుంచీ ఉంది. ఎన్నిసార్లు తిప్పేశానో, అంచులు నలిగి ఉన్నాయి. దేవుడు ఆ ఆడవాళ్ళని నిలదియ్యలేదురా. వాళ్ళకి ఇళ్ళు నిలబెట్టాడు. నువ్వు అడిగిన రోజే ఈ జవాబు నాకు తెలుసు. తెలిసే, చొక్కా కుట్టుకోకు అని నీ నోరు నొక్కేశాను. అప్పుడు నువ్వు ఓడిపోవడం నాకు కావాలి. ఆ మనిషి నా ఇంటి కప్పు మీద ఉన్నాడు, నాకు గెలుపు కావాలి.

"ఆమెన్ చెప్పండి" అన్నాను. చెప్పారు. ఒక్కడికీ ఏమీ అర్థం కాలేదు.

ఇప్పుడు రేవు కచేరీ సంగతి. మచ్చ మీద వేలు పెట్టింది నేను కాదు, నాన్న పెంచిన పిల్ల. అది పొరపాటు, దానికి ఏడిస్తే సరిపోయేది. కానీ వాళ్ళు మూడుసార్లు అడిగారు. నీ ఉత్తరంలో ఆ చెవి చదివి కూడా, నీళ్ళు మోసేవాడు పాదుషా తమ్ముడని తట్టని నాకు మొదటిసారి అడిగినప్పుడే అంతా తెలిసిపోయింది. బొమ్మలో తలపాగా ఎవరిదో తెలిసింది, కుండలు ఎందుకు పగిలాయో తెలిసింది, "అన్నా నాకేం వద్దు" తెలిసింది. "ఎక్కడో చూశాను, గుర్తులేదు" అంటే సరిపోయేది. మూడు మాటలు. చుట్టూ జనం, అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఈవిడ అబద్ధమాడదు అని ఎవరో అన్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇచ్చేశానురా వాణ్ణి. సత్యం కోసం కాదు. పీట కోసం.

తర్వాత నీకు రాసిన ఉత్తరంలో అబద్ధమాడాను. నా జన్మలో మొదటిది. ఎంత సులువుగా వచ్చిందో! కుంచె నీళ్ళల్లో ముంచినట్టు వచ్చింది. కనక నాకు అబద్ధం రాదని మీరెవరూ దిగులు పడక్కర్లేదు. నా కోసం ఒకటి ఆడి చూసుకున్నాను, బాగానే వచ్చింది.

తమ్ముడూ, నన్ను క్షమించమని అడగను. గంజి పట్టిన చేత్తో పట్టిచ్చినదాన్ని. ఎదురుపడితే మొహం తిప్పుకో.

ఉడతా, నువ్వు జాగ్రత్తగా చదువు, చదివి పొయ్యిలో వెయ్యి. నూనె ఒలికిందని చెప్పు.

నేను ఒక్క తప్పూ పట్టకపోతే వాళ్ళు నమ్మరు. తప్పు పట్టే మనిషిని పిలిపించారు కనక తప్పు దొరకాలి. అందుకని నువ్వే ఒకటి పెట్టు. ముఖం చుట్టూ అంచు వేస్తావు కదా, పూల తీగ? ఎడమవైపు కింది మూల నుంచి ఏడో పువ్వుకి అయిదు రేకులకి బదులు నాలుగే వెయ్యి. నలభై బొమ్మల్లోనూ అదే పువ్వు. పాదుషా ముందు దాని మీద వేలు పెట్టి, ఇంత నిర్లక్ష్యమా అని నిన్ను చెడామడా తిడతాను. నువ్వు ఏడవాలి. నా తిట్లకి ఏడుపు దానంతటదే వస్తుంది, మీ నాన్నని అడుగు. ఒక పూట అన్నం మానిపిస్తారేమో, అంతకంటే ఏమీ చెయ్యరు.

మొదట బొమ్మని పైనుంచి కింది దాకా చూస్తాను. చూడాలి, లేకపోతే దరోగాకి అనుమానం వస్తుంది. తలపాగా, నుదురు, ముక్కు. అప్పుడు నా వేలు చెవి మీదికి వస్తుంది. భయపడకు. అక్కడ ఆగదు.

మీ అత్త